హార్డ్ డిస్కుకి గ్రీజు

గాజువాకలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నాది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. ఈ పద్దెనిమిదేళ్లలో నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది. కంప్యూటరు మొరాయిస్తే జనం ముందు నెట్టుని తిడతారు, తర్వాత నజీర్ అహ్మద్ అనే నన్ను తిడతారు, ఇంకా ఓపిక మిగిలితే ఇంట్లోవాళ్లని తిడతారు. కంప్యూటర్ని మాత్రం పల్లెత్తు మాట అనరు. దసరాకి దానికి బొట్టుపెడతారు, చక్రాలుంటే నిమ్మకాయలు కూడా తొక్కించేవాళ్లు.

నరసింహమూర్తిగారు అంతకంటే ఒక మెట్టు పైన ఉంటారు. ఆయనది ఆత్రేయపురం పక్కన పల్లెటూరు. స్టీల్ ప్లాంటు రోలింగు మిల్లులో ముప్పై నాలుగేళ్లు యంత్రాల మరమ్మతు చూసి రిటైరయ్యారు. కూర్మన్నపాలెంలో ఫ్లాటు కొనుక్కుని భార్య తాయారుగారితో ఉంటున్నారు. తిరిగే యంత్రం ఏదైనా సరే, చప్పుడు విని జబ్బు చెప్పేస్తారని మిల్లులో ఆయనకి పేరు. ఆ పేరుతోనే వచ్చింది చిక్కంతా.

నిజానికి ఈ గొడవ కంప్యూటరుతో మొదలవలేదు, పూతరేకుతో మొదలైంది. కిందటేడు మూర్తిగారి అమ్మాయి శ్రీవల్లి పెళ్లయింది. మగపెళ్లివారిది కృష్ణా జిల్లా. పెళ్లికొడుకు తండ్రి శివరామకృష్ణగారు ఇక్కడి పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. పెళ్లి భోజనాల్లో తన విస్తట్లో పూతరేకు పడలేదని ఆయన ఫిర్యాదు. ఒకసారి అని ఊరుకుంటే బాగుండేది. "ఆత్రేయపురం వియ్యం అందుకున్నాం, పూతరేకు మొహం చూడలేదు" అని పోర్టు క్వార్టర్ల దగ్గర్నుంచి మధురవాడ దాకా కనిపించిన ప్రతి మనిషికీ చెప్పారు.

ఆత్రేయపురం మనిషిని పట్టుకుని పూతరేకు వెయ్యలేదంటే ఎంత మాట! మా ఇంటి బిర్యానీలో ముక్క పడలేదని ఎవరైనా ఊరంతా చాటితే నాకు ఆర్నెల్లు నిద్రపట్టదు. మూర్తిగారికి ఏడాదిగా పట్టలేదు. వియ్యంకులిద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు శ్రీవల్లికి ఏడో నెల. ఆదివారం సీమంతం. శివరామకృష్ణగారు కబురు పంపారు: "నాకు పూతరేకు వడ్డించినట్టు పెళ్లి వీడియోలో చూపిస్తే వస్తాను, లేకపోతే మా ఆవిడ ఒక్కతే వస్తుంది." మామగారు లేకుండా సీమంతం ఏమిటని శ్రీవల్లి ఫోన్లో ఏడ్చింది. "ఏడవకమ్మా, సాక్ష్యం నా దగ్గరుంది" అన్నారు మూర్తిగారు.

సాక్ష్యం ఆయన దగ్గర లేదు. పెళ్లి వీడియో తీసినాయన దగ్గర ఉంది. అందరికీ ఇచ్చిన వీడియోలో తలంబ్రాలూ అప్పగింతలూ ఉన్నాయి గానీ భోజనాలు లేవు. అడగ్గా అడగ్గా ఆయన మొత్తం తీసిందంతా ఒకే జిప్ ఫైలుగా కట్టి, పద్దెనిమిది జీబీల మూట ఒకటి నెట్‌లో పెట్టి లింకు పంపాడు. ఏడు రోజుల్లో దింపుకోవాలి. ఏడో రోజు, అంటే గురువారం, సాయంత్రం ఆరింటికి లింకు మూసుకుపోతుంది. వచ్చే ముహూర్తాల కోసం తన దగ్గరున్నది చెరిపేసుకున్నాడు కాబట్టి మళ్లీ పంపడం ఉండదు.

మొదటిరోజే మూర్తిగారు నాకు ఫోన్ చేశారు.

"నజీరుగారూ, అరవై మూడు శాతం దాకా వచ్చి ఆగిపోతుందండి. డౌన్‌లోడ్ విఫలమైంది అంటుంది."

"మళ్లీ కొట్టండి సార్."

"కొట్టానండి. మళ్లీ అరవై మూడే."

ఇక్కడ నేను ఒక వెధవపని చేశాను, దాచుకోను. ఆ సమయంలో దుకాణం నిండా జనం ఉన్నారు. ఆ కంప్యూటరు మొహం చూడకుండానే, "అది నెట్టు సార్. కామరాజుని పిలవండి" అనేశాను. కామరాజు ఆ వీధులకి నెట్టు ఇచ్చే మనిషి. నెట్టుని ముందుగా తిట్టే జనాన్ని వెక్కిరించాను కదా, ఆ జనంలో నేనూ ఉన్నానన్నమాట.

తర్వాత ఆరు రోజులు ఆ ఫ్లాటులో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. మూర్తిగారు నెట్టు పెట్టెని ముందు ఫ్రిజ్ మీద పెట్టారు. అరవై మూడు. బాల్కనీలో పెట్టారు. అరవై మూడు. హాల్లో ఉయ్యాల కొక్కేనికి వేలాడదీశారు. అది కిందికి వేలాడుతుంటే కాఫీ తెస్తున్న తాయారుగారి నుదుటికి తగిలి బొప్పికట్టింది. అరవై మూడు. కామరాజు మూడుసార్లు డాబా ఎక్కి తీగ మార్చాడు, పెట్టె మార్చాడు. నాలుగోసారి పిలిస్తే ఫోన్ ఎత్తకుండా నేరుగా నా దుకాణానికొచ్చాడు.

"నజీర్ బావ, నీకు నాను ఏటి అన్యాయం సేసినాను? నెట్టు నెట్టని నా పేరు సెప్పీసినావు. ఆ ముసిలాయన నన్ను డాబా మీంచి దిగనివ్వట్లేదు. నా నెట్టుతో ఆ బిల్డింగులో పది ఇళ్లోళ్లు సినిమాలు సూసేత్తన్నారు. ఆయనకొక్కడికే అరవై మూడు కాడ ఏటొచ్చింది?"

అప్పుడైనా నా బుర్ర వెలగాలి. వెలగలేదు. "నీ నెట్టే బావ" అన్నాను. వాడు నా బల్లమీది మౌసుని విసిరికొట్టి వెళ్లిపోయాడు.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి తాయారుగారు ఫోన్ చేశారు. ఆవిడ ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు. ఆ రోజు అరిచారు.

"నజీరు బాబూ! ఈయన ఇంటికి కరెంటు ఆపేశారు. నాచేత ఏదో కాయితం మీద సంతకం పెట్టించుకున్నారు. కంప్యూటరు బల్లమీద పడుకోబెట్టి లోపలిదేదో తీశారు. ఇప్పుడు అటకమీంచి గ్రీజు డబ్బా దింపుతున్నారయ్యా!"

"అమ్మా, ముట్టుకోవద్దని సెప్పండి! చేతులు కట్టీసినా పర్లేదు!"

కొత్త డిస్కు ఒకటి, స్క్రూడ్రైవర్లూ సంచిలో వేసుకుని బండి తీశాను. హైవే మీద బొగ్గు లారీల మధ్య ఎలా వెళ్లానో నాకే తెలియదు. హెల్మెట్టులోపల మూర్తిగారినీ, వియ్యంకుణ్ణీ, పూతరేకు కనిపెట్టినవాణ్ణీ వరసపెట్టి తిట్టుకున్నాను.

వెళ్లేసరికి గుమ్మం పక్కన మెయిన్ స్విచ్చికి ఎర్ర అట్టముక్క వేలాడుతోంది. దానిమీద "పని జరుగుచున్నది. స్విచ్ వేయరాదు. ప్రాణాపాయం" అని రాసి ఉంది. మిల్లులో పద్ధతి అది. యంత్రం మీద చెయ్యి వెయ్యాలంటే ముందు కరెంటు ఆపాలి, యంత్రం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు పర్మిట్టు మీద సంతకం పెట్టాలి, స్విచ్చికి ఎర్ర అట్ట కట్టాలి. పని ముగిశాక వాళ్లే మళ్లీ సంతకం పెట్టి వెనక్కి తీసుకోవాలి. ఈ ఇంటి యంత్రాలన్నీ తాయారుగారి అధీనంలో ఉన్నాయని తేల్చి మూర్తిగారు ఆవిడచేత సంతకం పెట్టించారు. ఆవిడ సగం రుబ్బిన పిండితో మిక్సీ పక్కన కూర్చుని ఉన్నారు.

హాల్లో మూర్తిగారు నెత్తికి లైటు కట్టుకుని, చేతిలో గుడ్డపీలికలతో, వెలిగిపోతున్న మొహంతో కనిపించారు.

"ఏటి సేసినారు సార్!"

"రండి నజీరుగారూ. దొరికేసిందండి. జబ్బు నెట్టుది కాదండి, ఇదిగో దీనిది. డౌన్‌లోడు పెట్టి, స్క్రూడ్రైవరు కంప్యూటరు పెట్టెకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని విన్నానండి. అరవై మూడు రాగానే లోపల టిక్కు టిక్కుమంటుంది. బేరింగు ఎండిపోయిందండి. అందుకని కాస్త గ్రీజు పెట్టాను."

హార్డ్ డిస్కు మూత తీసి పేపరు మీద ఉంది. లోపల అద్దంలా మెరవాల్సిన పళ్లెం మీద మిల్లు గ్రీజు, పసుపుపచ్చది, పెసరట్టు మీద నెయ్యి వేసినంత ధారాళంగా ఉంది. ఆ పళ్లెం దగ్గరికి దుమ్మురేణువు కూడా పోకూడదు. దాన్ని విప్పే కంపెనీలవాళ్లు ముక్కుకీ నెత్తికీ ముసుగులు కట్టుకుని అద్దాల గదిలో విప్పుతారు. ఈయన పక్కన పకోడీల పళ్లెం పెట్టుకుని విప్పారు.

నేను కుర్చీలో కూలబడ్డాను. నోటికొచ్చింది అనబోయాను. ఇంతలో బల్లమీద ఒక పుస్తకం కనిపించింది. మిల్లులో షిఫ్టు షిఫ్టుకీ రాసే లాగ్‌బుక్కు లాంటిదే, ఆయన ఇంట్లో రాశారు. "శుక్రవారం, ఎ షిఫ్టు: 63 దగ్గర ఆగింది. శనివారం, బి షిఫ్టు: కొత్త తీగ, 63. ఆదివారం: తాయారు ఫోను నెట్టుతో ప్రయత్నించితిని, 63. సోమవారం: పక్కింటివారి నెట్టు అడిగి తెచ్చితిని, 63."

చదివేసరికి నాకు సిగ్గేసింది. మూడు రకాల నెట్టుతో ఒకే చోట ఆగితే తప్పు నెట్టుది కాదని నా వృత్తిలో నిన్న చేరినవాడికి కూడా తెలుస్తుంది. పళ్లెం మీద ఒకచోట పాడైంది. ఫైలు అక్కడిదాకా రాసుకుంటూ వచ్చి, ఆ చోట రాయలేక, మళ్లీ మళ్లీ ప్రయత్నించి, టిక్కు టిక్కుమని చేతులెత్తేస్తోంది. కంప్యూటరు ఆ సంగతి చెప్పదు. "డౌన్‌లోడ్ విఫలమైంది" అని ఒక ముక్క అనేసి ఊరుకుంటుంది. ఎవరివల్ల విఫలమైందో చెబితే దాని సొమ్మేం పోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక పెన్‌డ్రైవ్ పెట్టి దానిలోకి దింపి చూడమని మొదటిరోజే నేను చెప్పి ఉంటే పది నిమిషాల్లో తేలేది. ఈయన చెవి కనిపెట్టింది, నా చదువు కనిపెట్టలేదు.

"సార్, జబ్బు కరెక్టుగానే పట్టుకున్నారు. మందే తప్పింది. ఇది పోయినట్టే. ఇందులో ముఖ్యమైనవి ఏటేటి ఉన్నాయి?"

మూర్తిగారి మొహం వాడిపోయింది. "పేకాట ఉందండి. ఒంటరిగా ఆడుకునేది. నాలుగువేల మూడొందల పన్నెండు ఆటలు గెలిచానండి."

"పోయిందా? హమ్మయ్య" అన్నారు వంటింట్లోంచి తాయారుగారు.

నేను కొత్త డిస్కు తీశాను. అరచేతిలో పట్టేంత చిన్నది. మూర్తిగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

"లోపల ఏం తిరగట్లేదేంటండీ?"

"ఇందులో తిరిగేది ఏటీ లేదు సార్. అందుకే తెచ్చినాను."

"తిరక్కుండా పనెలా చేస్తుందండీ? తిరగనిది యంత్రమెలా అవుతుందండీ?" అన్నారు. అప్పటికి రెండున్నర. ఆరింటికి లింకు పోతుంది. ఆయనకి యంత్రం అంటే ఏమిటో చెప్పే ఓపిక నాకు లేదు. కరెంటు వెయ్యమన్నాను.

వెయ్యనన్నారు. పర్మిట్టు వెనక్కి సంతకం కాకుండా వేస్తే ముప్పై నాలుగేళ్లు చెయ్యని తప్పు ఇవాళ చేసినట్టట. తాయారుగారి దగ్గరికి కాయితం తీసుకెళ్లారు. ఆవిడ చేతులు కట్టుకున్నారు.

"ఉయ్యాల కొక్కేనికి ఇంకేమీ కట్టనని రాయండి. గ్రీజు చేతులు నా తువ్వాలుకి తుడవనని రాయండి. అప్పుడు పెడతాను."

రాశారు. ఆవిడ కళ్లజోడు తెచ్చుకుని రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. కరెంటు వచ్చింది, మిక్సీ తిరిగింది, నేను కొత్త డిస్కు బిగించి కంప్యూటర్ని లేపేసరికి మూడుంబావైంది. డౌన్‌లోడు పెడదామంటే నెట్టు లేదు. కామరాజుకి ఫోన్ చేశాను.

"లేదు బావ. నానే పీకీసినాను. నా నెట్టు మంచిది కానప్పుడు ఆళ్లకెందుకు?"

"తప్పు నాది కామరాజు. నీ నెట్టుది కాదు. డిస్కు పోయింది. నాను సూడకుండా సెప్పీసినాను."

"ఆ మాట అక్కడికొచ్చి ఆ ముసిలాయన ముందు సెప్పించుకుంటాను."

పది నిమిషాల్లో వచ్చాడు. హాలు మధ్యలో నిలబడి నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. మూర్తిగారు లాగ్‌బుక్కులో "కామరాజు నెట్టు నిర్దోషి" అని రాసి చూపించారు. దాన్ని వాడు ఫోన్లో ఫొటో తీసుకున్నాకే డాబా ఎక్కి తీగ తగిలించాడు. దిగి, పని ఉందంటూనే సోఫాలో కూర్చున్నాడు.

డౌన్‌లోడు మొదలైంది. ఇరవై, ముప్పై, నలభై. యాభై దాటగానే మూర్తిగారికి ధైర్యం వచ్చేసి, నేను ఆపేలోపే ఫోన్ తీశారు.

"బావగారూ, నేనండి. ఏడాదైంది మాట్లాడుకుని. వచ్చి మీ కళ్లతో చూసుకోండి మీ పూతరేకు."

అరవై దగ్గరుండగా శివరామకృష్ణగారు వచ్చారు. మనిషి సన్నగా, నిటారుగా ఉన్నారు. ఎవర్నీ పలకరించలేదు. క్రేను మీద కూర్చున్నట్టే వెనక ఎత్తు కుర్చీ ఎంచుకుని కూర్చున్నారు.

అరవై ఒకటి. అరవై రెండు. తాయారుగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు. అరవై మూడు. మూర్తిగారు స్క్రూడ్రైవరు పిడి చెవిలో పెట్టుకుని పెట్టెకి ఆనించారు. లోపల ఏ చప్పుడూ లేదు. చప్పుడు లేకపోవడం ఆయనకి మరీ భయంగా ఉంది. కామరాజు "కదలే, కదలే తల్లీ" అని నెట్టు పెట్టెకి దండం పెట్టాడు.

అరవై నాలుగు.

కామరాజు కేక పెట్టి నన్ను వాటేసుకున్నాడు. పై ఫ్లాటువాళ్లు భారత్ గెలిచిందేమో అనుకుని టీవీ పెట్టారట, తర్వాత చెప్పారు. అయిదూ ముప్పై ఎనిమిదికి నూరు శాతమైంది. మూట విప్పాను. భోజనాల వీడియో వెతికి పెట్టాను.

తెరమీద వరసలు వరసలుగా విస్తళ్లు. పట్టుపంచెలో మూర్తిగారు "వెయ్యండి, వెయ్యండి" అని అరుస్తూ అటూ ఇటూ పరుగెడుతున్నారు. "చూశారా! చూశారా!" అని ఇక్కడి మూర్తిగారు కుర్చీలో ఎగురుతున్నారు. కెమెరా మగపెళ్లివారి పంక్తికి వచ్చింది. మూడో విస్తరి దగ్గర శివరామకృష్ణగారు. పూతరేకుల బుట్టతో వడ్డించే మనిషి వచ్చాడు. మొదటి విస్తట్లో వేశాడు. రెండో విస్తట్లో వేశాడు. మూడో విస్తరి మీదికి చెయ్యి చాపాడు.

అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి వడ్డించే మనిషి భుజం పట్టుకుంది. పట్టుపంచె, చేతికి మిల్లువాళ్లిచ్చిన రిటైర్‌మెంటు వాచీ. "ఏమయ్యా, ముందు మా చీఫ్ ఇంజనీరు గారి పంక్తి చూడు. వీళ్లు మనవాళ్లే, ఎక్కడికి పోతారు!" అన్న గొంతు స్పష్టంగా వినిపించింది. బుట్ట వెళ్లిపోయింది.

మూర్తిగారు ఎగరడం ఆపారు.

వీడియో ఆగలేదు. తెరమీద శివరామకృష్ణగారు విస్తట్లో అన్నాన్ని ఒక పక్కకి జరిపి, కాస్త చోటు చేసి ఉంచారు. బుట్ట వెళ్లిన వైపు చూశారు. పెరుగు వడ్డిస్తే చేత్తో ఆపారు. పంక్తిలో ఒక్కొక్కరూ లేచి చేతులు కడుక్కోడానికి వెళ్లిపోయారు. ఆయన ఇంకా కూర్చున్నారు. ఎవరో వచ్చి పక్క విస్తళ్లు ఎత్తేస్తుంటే అప్పుడు లేచారు.

పూతరేకు కోసం ఏడాది పాటు అలిగిన మనిషిని చూసి నేను లోలోపల ఎంత నవ్వుకున్నానో నాకే తెలుసు. ఆయన మాట్లాడింది పూతరేకు గురించి కాదని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు.

"నేను అంతసేపు కూర్చున్నానా!" అన్నారు శివరామకృష్ణగారు మెల్లగా. గెలిచిన మనిషిలా లేరు. ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడుతున్న మనిషిలా ఉన్నారు.

మూర్తిగారు లేచి వంటింట్లోకి వెళ్లారు. డబ్బాలు కిందపడిన చప్పుడైంది. ఆదివారం కోసం ఊరినుంచి తెప్పించిన పూతరేకు ఒకటి పళ్లెంలో పెట్టుకొచ్చి వియ్యంకుడి ముందు వంగారు.

"తప్పయిపోయిందండి బావగారూ. తినండి."

"వద్దండి" అన్నారు శివరామకృష్ణగారు. "నాకు సుగరొచ్చింది. పెళ్లయిన రెండోనెల్లో తెలిసింది. ఇప్పుడు తీపి ముట్టకూడదు."

ఇక మూర్తిగారు నిలవలేకపోయారు. కాలే ఇనుము మధ్య ముప్పై నాలుగేళ్లు గడిపిన మనిషి పళ్లెం పట్టుకుని చిన్నపిల్లాడిలా బావురుమన్నారు. కన్నీళ్లు తుడుచుకోడానికి తువ్వాలు అందుకోబోయి, భార్య వైపు చూసి, మానేసి, చొక్కా చేతికే తుడుచుకున్నారు. చెంపకి గ్రీజు అంటుకుంది.

"ఏడవకండి బావగారూ, మీకో దండం. తింటాను" అని శివరామకృష్ణగారు పూతరేకు విరిచి వేలెడంత ముక్క నోట్లో వేసుకున్నారు. మిగతాది కామరాజు చేతిలో పెట్టారు. వాడు ఒక్క గుటకలో మింగేశాడు.

"ఆదివారం వస్తారాండీ?" అన్నారు మూర్తిగారు.

"వస్తాను. మీరు నా పక్క విస్తరి దగ్గర కూర్చోవాలి. భోజనం అయ్యేదాకా లేవకూడదు. ముఖ్యమంత్రి వచ్చినా లేవకూడదు."

"మరి వడ్డన ఎవరు చూస్తారండీ?"

"నేను చూస్తాను. ఆయన చెప్పినట్టు కూర్చోండి" అన్నారు తాయారుగారు.

ఆదివారం నన్నూ కామరాజునీ కూడా పిలిచారు. మేం ఎదుటి పంక్తిలో కూర్చున్నాం. చారు వచ్చేవేళకి గుమ్మంలో చీఫ్ ఇంజనీరు గారు కనిపించారు. మూర్తిగారు సగం లేచారు. శివరామకృష్ణగారు తల తిప్పకుండా, ఎడంచేత్తో ఆయన పంచె పట్టుకుని కిందికి లాగి, కుడిచేత్తో అన్నం కలుపుకుంటూనే ఉన్నారు.